రెండు గీతలు, నాలుగు చుక్కలు

పొద్దున్న ఆరున్నరకి, మెరిడాలో హోటలు గుమ్మం ముందు
మా మామయ్య నిసెఫోరో లెక్క మొదలుపెడతాడు.
అట్టముక్క మీద పెన్సిలుతో, తాతల పద్ధతిలో
మనిషికో చుక్క,
ఐదుగురికో గీత.
ఇవాళ రెండు గీతలు, నాలుగు చుక్కలు.
పద్నాలుగు టోపీలు, మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక ముసలామె,
వ్యానంతా
ఎండకి పూసుకునే తెల్ల క్రీము వాసన.

నేను ఐసు పెట్టె మోస్తాను.
గైడు పరీక్ష రెండుసార్లు తప్పాను.
రాజుల పేర్లొచ్చాయి, తేదీలు రాలేదు.
అందుకే వెనక సీటు, స్పేర్ టైరు పక్కన.

పుక్ కొండల దారిలో
ఏ మలుపుకి ఏ జోకొస్తుందో డ్రైవరు గాస్పర్‌కి కంఠతా.
నవ్వు సరిగ్గా స్పీడు బ్రేకరు మీద పడేలా
బ్రేకు నొక్కుతాడు.

గుడి మెట్ల ముందు నిలబెట్టి
చప్పట్లు కొట్టమంటాడు మామయ్య.
రాయి పిట్టలా కిచమంటుంది.
మళ్లీ కొడతారు. మళ్లీ కిచ.
మెట్లకి విసుగు రాదు.
నాకొస్తుంది.

ఇక్కడ నది లేదు, వాగు లేదు,
వాన పడితేనే మొక్కజొన్న.
అందుకని గోడ నిండా వానదేవుడు చాక్ మొహాలు,
ఏనుగు తొండంలా వంకీ తిరిగిన ముక్కులు,
సగానికి సగం ఊడిపోయినవి.
ముక్కూ మొహం తెలియనివాళ్లకి
ఈ ముక్కులూ మొహాలూ చూపించడమే
మా ఇంటి కూడు.

నీలం చొక్కా ఆయన అడిగాడు,
రోజూ ఎవరో ఒకరు అడుగుతారు:
"ఇంత కట్టిన మాయా వాళ్లు ఎలా మాయమైపోయారు?"
మామయ్య టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.
"నాలుగున్నర బస్సెక్కి మెరిడా వెళ్లారండీ.
మీ గదిలో దుప్పటి మార్చింది మా చెల్లెలే."
అందరూ నవ్వారు.
ఆ చెల్లెలు మా అమ్మ.

తిరుగు ప్రయాణానికి లెక్కపెడితే
రెండు గీతలు, మూడే చుక్కలు.
నన్ను పరిగెత్తించారు.

వెనకవైపు, వాననీళ్ల పాత బావి పక్కన
ముసలామె మోకాలి పట్టీ విప్పి కూర్చుంది.
ఎదురుగా ఆకులూడ్చే ఫిలిబెర్తా
నారింజ తొనల మీద కారప్పొడి చల్లి అందిస్తోంది.
ఒకరి మాట ఒకరికి ముక్క తెలియదు.
ఒకామె మాయాలో చెబుతోంది,
ఇంకొకామె తన భాషలో ఊ కొడుతోంది,
కారానికి కళ్లు తుడుచుకుంటూ.

చీపురు ఎత్తి గోడ చూపించింది ఫిలిబెర్తా.
"పైవరసలో మూడో ముక్కు చూడు.
కూలిన గోడ మళ్లీ కట్టినప్పుడు
మా నాన్న తలకిందులుగా పెట్టాడు.
ముందురోజు ఊళ్లో జాతర, ఇంకా దిగలేదు.
ఇంజనీరు చూళ్లేదు. దేవుడూ ఏమీ అనలేదు."

చూశాను.
అన్ని ముక్కులూ నేలకేసి వంగుంటే
అదొక్కటే ఆకాశాన్ని వాసన చూస్తోంది.
ఎన్ని వందలసార్లు దాని కిందనుంచి
ఐసు పెట్టె మోసుకెళ్లానో.

ముసలామెకి చెయ్యి అందించాను.
నాలుగో చుక్క వ్యానెక్కింది.

సాయంత్రం హోటలు దగ్గర ఒక్కొక్కరూ దిగుతుంటే
మామయ్య ఒక్కో చుక్కా చెరిపాడు,
గీతలు చెరిపాడు,
చివరికి గవ్వ గీశాడు. మా లెక్కలో సున్నా అంటే గవ్వ.
నీలం చొక్కా ఆయన భుజం తట్టి వెళ్లాడు,
చిల్లిగవ్వ ఇవ్వలేదు.
ముసలామె ఏమిచ్చిందో మడత విప్పి చూడకుండానే
జేబులో పెట్టుకున్నాడు మామయ్య.

ఐసు పెట్టె కడుగుతూ అడిగాను:
"మామయ్యా, పైవరసలో మూడో ముక్కు..."
చేతిలో అట్టముక్క ఆగింది.
గాస్పర్ అద్దంలోంచి చూశాడు.

"పరీక్షలో మాత్రం రాయకు," అన్నాడు.